సత్యవేడు పొరుగున జర్మనీ

1960 ఏప్రిల్ 1న సత్యవేడు మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మధ్యవర్తి పటాస్కర్ సూచనల మేరకు పార్లమెంటు 1959లో చేసిన సరిహద్దుల చట్టంతో చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల తెలుగు పల్లెలు కొన్ని సత్యవేడు తాలూకాగా ఏర్పడి చిత్తూరు జిల్లాలో కలిశాయి. బదులుగా తిరుత్తణి అటు వెళ్ళింది. 2022లో జిల్లా మళ్ళీ మారి తిరుపతి అయింది. తాత దస్తావేజులు అరవంలో, మనవడి పాస్‌బుక్కు తెలుగులో ఉండే ఇళ్ళున్న నేల ఇది. ఇల్లు కదలకుండానే సర్కారు మారిపోవడమంటే ఏమిటో ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆధునిక జర్మనీ చరిత్రంతా దాదాపు ఇదే కథ. దానికి నెత్తురు ఎక్కువ, అంతే తేడా. ఆ చరిత్రలో సగం ఘట్టాలకు సాక్ష్యం సత్యవేడు చుట్టుపక్కలే, సుళ్ళూరుపేటలో, నాయుడుపేటలో, కాళహస్తిలో, చెన్నపట్నం రేవులో దొరుకుతుంది. జర్మనీ ఈ నేలలో సెంటు భూమిని కూడా ఏలింది లేదు. అయినా అక్కడ జరిగిన ప్రతి మార్పూ ఇక్కడ ఎవరో ఒకరి గడప తట్టింది.

1865లో ఆగస్ట్ మీలియస్ అనే పాదిరి సుళ్ళూరుపేటలో మకాం పెట్టాడు. అంతకుముందు తమిళ దేశంలో లైప్‌జిగ్ మిషన్‌లో పనిచేసి వెళ్ళినవాడు కాబట్టి ఎండలూ ఎద్దుబండ్లూ అతనికి కొత్త కాదు. ఈసారి తెలుగువాళ్ళ దగ్గరికి పంపింది మాత్రం హెర్మన్స్‌బుర్గ్ మిషన్. హెర్మన్స్‌బుర్గ్ పెద్ద పట్నం కాదు, ల్యూనెబుర్గ్ బీడు భూముల మధ్య ఒక పల్లె. ఆ ఊరి పాస్టరు లూయీ హార్మ్స్ 1849లో రైతుల కొడుకుల్నీ చేతివృత్తుల వాళ్ళనీ చేరదీసి, చదువు చెప్పి, మిషనరీలుగా పంపే పాఠశాల పెట్టాడు. చందాలు పోగుచేసి 1853లో సొంతంగా ఓడే కట్టించాడు. పేరు ‘కాండాసే’. మొదటి ప్రయాణంలో తూర్పు ఆఫ్రికాలో దిగనివ్వకపోతే అది వెనక్కి తిరిగి దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరింది. పల్లెటూరి చర్చికి సముద్రం మీద ఓడ ఉండటం ఆ రోజుల్లో యూరప్‌లో కూడా వింతే.

ఈ మీలియస్ ఏ దేశస్థుడు? జర్మన్ అంటే సరిపోదు, ఎందుకంటే 1865లో జర్మనీ అనే దేశమే లేదు. నెపోలియన్ ఓడిపోయాక 1815లో ఏర్పడింది ముప్పై తొమ్మిది రాజ్యాల కూటమి. అందులో హనోవర్ ఒక రాజ్యం. హెర్మన్స్‌బుర్గ్ ఆ రాజ్యంలోది. దాని రాజు అయిదో జార్జికి చూపు లేదు. ఆయన విక్టోరియా రాణికి పినతండ్రి కొడుకు, ఇద్దరూ 1819 మే నెలలో మూడు రోజుల తేడాతో పుట్టారు. 1714 నుంచి 1837 దాకా ఇంగ్లండునూ హనోవర్‌నూ ఏలింది ఒకే రాజు. ఆడపిల్లకు సింహాసనం ఇవ్వని చట్టం హనోవర్‌లో ఉండబట్టి విక్టోరియా గద్దెనెక్కడంతో రెండూ విడిపోయాయి. అంటే సుళ్ళూరుపేటలో దిగిన హనోవర్ పాదిరి, మద్రాసులో కలెక్టరు గిరీ వెలగబెడుతున్న ఇంగ్లీషు దొర, ఇద్దరూ ఒకే వంశపు రాజుల ప్రజలు. శత్రుత్వం మాట ఎవరి ఊహలోనూ లేదు.

మీలియస్ వచ్చిన మరుసటేడు, 1866లో, ఆ కూటమిలోనే ఉన్న ప్రష్యాకూ ఆస్ట్రియాకూ యుద్ధం వచ్చింది. హనోవర్ ఆస్ట్రియా పక్షం చేరింది. జూన్ 27న లాంగెన్‌సాల్జా దగ్గర హనోవర్ సేన ప్రష్యన్లను ఓడించింది కూడా. కానీ చుట్టూ ప్రష్యన్ బలగాలు మోహరించాయి. గెలిచిన రెండు రోజులకే ఆ సేన ఆయుధాలు కింద పెట్టింది. చూపులేని రాజు ఆస్ట్రియాకు ప్రవాసం పోయాడు. సెప్టెంబరు కల్లా రాజ్యమే లేదు, ప్రష్యాలో ఒక ప్రావిన్సుగా మారింది. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ ఆ రాజు ఆస్తిని జప్తు చేసి, ఆ డబ్బుతోనే పత్రికలను కొనేశాడు. ఆనాటి జర్మన్లు దాన్ని ‘పాముల నిధి’ అని వెక్కిరించారు.

అదే యుద్ధంతో డెన్మార్క్ పక్కనున్న ష్లెస్విగ్-హోల్‌స్టెయిన్ కూడా ప్రష్యా కడుపులోకి వెళ్ళింది. అక్కడి బ్రెక్లుమ్ పల్లెలో 1876లో పుట్టిన మిషనే తర్వాత సాలూరు, పార్వతీపురం, జయపురం వైపు వచ్చింది. తెలుగుదేశానికి వచ్చిన ఈ రెండు జర్మన్ మిషన్లూ ప్రష్యా మింగిన నేలల నుంచే వచ్చాయి. బెర్లిన్ గర్వంగా పంపినవాళ్ళు కారు వీళ్ళు. బెర్లిన్ అంటే అంతో ఇంతో మంట ఉన్న ఊళ్ళవాళ్ళు.

1871 జనవరి 18న, ఫ్రాన్సును ఓడించిన ఊపులో, వెర్సాయ్ అద్దాల మహల్లో ప్రష్యా రాజును జర్మన్ చక్రవర్తిగా ప్రకటించారు. సుళ్ళూరుపేట చుట్టుపక్కల పనిచేస్తున్న హెర్మన్స్‌బుర్గ్ మనుషులు ఇక్కడ ఉన్నవాళ్ళు ఉన్నట్టే అయిదేళ్ళలో హనోవర్ ప్రజలు, ప్రష్యా ప్రజలు, జర్మన్ సామ్రాజ్య ప్రజలు అయ్యారు.

కొత్త సామ్రాజ్యం హెర్మన్స్‌బుర్గ్ పల్లెను ఊరికే వదల్లేదు. పెళ్ళిళ్ళను చర్చిలో కాక సర్కారు కచేరీలో నమోదు చేయాలన్న చట్టం 1870ల్లో వచ్చింది. దానికి తగ్గట్టు హనోవర్ చర్చి పెళ్ళి మంత్రాన్ని మార్చింది. లూయీ హార్మ్స్ 1865లో చనిపోయాక ఆయన స్థానంలోకి వచ్చిన తమ్ముడు థియోడోర్ హార్మ్స్ ఆ మార్పుకు ససేమిరా అన్నాడు. 1878లో పదవి పోయింది. ఊళ్ళో చాలామందిని వెంటబెట్టుకుని వేరే చర్చి పెట్టుకున్నాడు. చర్చి చీలితే చందాలూ చీలక తప్పదు, ఆ చందాల మీద బతికేది సుళ్ళూరుపేట మిషన్. మన పల్లెల్లో గుడి పెత్తనాల తగాదాలు చూసినవాళ్ళకు ఈ భాగం వివరించనక్కరలేదు.

ఇక్కడ ఆ పాదిరుల పని నత్తనడకే. 1878లో ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు కరువు అనంతరం వేలమందికి ఒకేసారి బాప్తిస్మాలిచ్చారు. హెర్మన్స్‌బుర్గ్ వాళ్ళకు అంత ఊపు ఏనాడూ రాలేదు. మాల, మాదిగ పేటల్లో చిన్న బడి, చిన్న ప్రార్థన ఇల్లు, ఏడాదికి కొన్ని కుటుంబాలు. అక్షరం అందని పేటకు పలకాబలపం చేరడమే ఆ మిషన్ అసలు పనితనం.

తెలుగు అచ్చుకూ జర్మన్లకూ మధ్య ఇంతకంటే పాత సంబంధం ఒకటుంది. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు 1746 ప్రాంతంలో ప్రష్యాలోని హాలె పట్నంలో అచ్చయ్యాయి. మద్రాసులో పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి వేయించినవి అవి.

మీలియస్ వచ్చిన 1865లోనే, రైన్ నది ఒడ్డున మన్‌హైమ్‌లో ‘బాడిషె అనిలీన్ ఉండ్ సోడా ఫాబ్రిక్’ అనే కంపెనీ పుట్టింది. ఇప్పుడు బీఏఎస్ఎఫ్ అంటే పురుగుమందుల దుకాణాల్లో అందరికీ తెలుసు. ఊళ్ళో స్థలం కుదరక ఫ్యాక్టరీని నది అవతల లుడ్విగ్స్‌హాఫెన్‌లో కట్టారు. నది ఇవతల బాడెన్ రాజ్యం, అవతల బవేరియా రాజ్యం. ఒక్క వంతెన దాటితే వేరే దేశం, వేరే పేటెంటు చట్టం. 1877లో సామ్రాజ్యం మొత్తానికి ఒకే పేటెంటు చట్టం వచ్చాక ఆ రంగు కంపెనీలకు రెక్కలొచ్చాయి. జర్మనీ ఏకీకరణ ఫలితం తుపాకుల కన్నా ముందు కాళహస్తి పరిసరాలకు చేరింది ఈ రూపంలోనే.

కాళహస్తి కలంకారీ పనివాడి దగ్గర రంగుల లెక్క వేరు. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతాడు. పాలలోని కొవ్వు వల్ల రంగు అంచు దాటి పాకదు. ఇనుప ముక్కలూ బెల్లమూ కుండలో పులియబెట్టి నలుపు గీతకు కసిమి తీస్తాడు. పటిక అద్దినచోట ఎరుపు పట్టడానికి చిరివేరు కషాయంలో ఉడకబెడతాడు. తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే సన్నటి మొక్క వేరు అది. దాన్ని తవ్వితీయడమే కొందరికి జీవనం. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు వేరులోని ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారు చేశారు. అదే అలిజరిన్. కొన్నాళ్ళలోనే అది డబ్బాల్లో ఇక్కడి బజార్లకు వచ్చింది, వేరు తవ్వేవాళ్ళు చేతులెత్తేశారు. మచిలీపట్నం అద్దకంలో ఎరుపు ఇవాళ్టికీ అలిజరినే. మనం సంప్రదాయం అని మురిసిపోయే చీర అంచులో లుడ్విగ్స్‌హాఫెన్ కూడా కాస్త ఉంది. అందులో సిగ్గుపడాల్సిందీ లేదు, దాచాల్సిందీ లేదు.

నీలిమందు దెబ్బ ఇంకా పెద్దది. కడప, కర్నూలు, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల్లో నీలి పెద్ద పంట. కడప నీలిమందు లండన్ వేలంపాటల్లో ‘కుర్పా’ పేరుతో అమ్ముడుపోయేది. బెంగాల్ తోటల్లో పచ్చి మొక్కను కోసిన వెంటనే తొట్టెల్లో నానేస్తారు. మన రైతు ఆకును ఎండలో ఆరబెట్టి, కర్రలతో కొట్టి రాల్చి, నిల్వ పెట్టుకుని, వీలున్నప్పుడు నానేసేవాడు. తెల్లదొరల కోఠీ లేకుండా సొంత చేతుల మీద నడిచే పద్ధతి ఇది. నానిన నీళ్ళను గాలి తగిలేలా బాగా చిలికితే నీలం అడుగుకు దిగుతుంది. తేరిన నీళ్ళు వంపేసి, మడ్డిని కాచి, వడగట్టి, అచ్చుల్లో నొక్కి బిళ్ళలు కోసి నీడన ఆరబెడతారు.

జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫాన్ బాయర్ చాలా ఏళ్ళు కుస్తీపట్టి నీలి అణువు గుట్టు విప్పాడు. 1897లో బీఏఎస్ఎఫ్ దాన్ని మార్కెట్లోకి దించింది. అంతకు ముందు ఆ ఒక్క రంగు కోసం కంపెనీ కోటీ ఎనభై లక్షల బంగారు మార్కులు గుమ్మరించింది. 1895-96లో దేశం నుంచి ఎగుమతయిన నీలిమందు సుమారు 1,87,000 హండ్రెడ్‌వెయిట్లు. 1913-14 నాటికి అది 11,000 దగ్గరికి పడిపోయింది. ఇరవై ఏళ్ళు కూడా పట్టలేదు. కడప జిల్లా రైతు జర్మనీ పేరు విన్నాడో లేదో గానీ, నీలి ధర విన్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ, ఇంగ్లండు తలపడటం మొదలైంది 1914 ఆగస్టులో. సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మద్రాసు రేవు ముందుకు ‘ఎండెన్’ వచ్చింది. ప్రష్యా నేల మీద డాన్‌జిగ్‌లో కట్టిన క్రూయిజర్ అది. చైనాలో జర్మనీ లీజుకు తీసుకున్న సింగ్‌తావ్ రేవు దాని స్థావరం. మూడు పొగగొట్టాల ఓడకు కెప్టెన్ కార్ల్ ఫాన్ మ్యూలర్ నాలుగో ఉత్తుత్తి గొట్టం తగిలించి ఇంగ్లీషు ఓడలా వేషం వేయించాడు. సర్చిలైటు వేసి, నూటపాతిక దాకా గుళ్ళు కాల్చి, బర్మా ఆయిల్ కంపెనీ కిరసనాయిలు ట్యాంకులు రెండు తగలబెట్టి, రేవు ఫిరంగులకు గురి కుదిరేలోగా చీకట్లో కలిసిపోయింది. హైకోర్టు గోడ దగ్గర దాని గుర్తుగా పెట్టిన ఫలకం ఇప్పటికీ ఉంది.

మద్రాసు బెంబేలెత్తింది. దొరికిన రైలెక్కి జనం ఊరు ఖాళీ చేశారు. ఉత్తరానికి వెళ్ళే రైలుమార్గంలో పొన్నేరి, గుమ్మిడిపూండి, తడ, సుళ్ళూరుపేట, నాయుడుపేట వరుసగా వస్తాయి. పొన్నేరి తాలూకాలో ఉన్న సత్యవేడు వైపు పల్లెలకు మద్రాసు భయం అంటే పక్కింటి భయమే. ఎండెన్‌లో చెంపకరామన్ పిళ్ళై అనే మనవాడు ఉండి దారి చూపించాడని అరవదేశంలో ఇప్పటికీ ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ ఆధారం లేదు, అప్పుడు పిళ్ళై యూరప్‌లో ఉన్నాడు. ఎండెన్ ఆట ఎక్కువ కాలం సాగలేదు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ దాన్ని ఛిద్రం చేసింది. నూటముప్పై మందికి పైగా జర్మన్ నావికులు చనిపోయారు.

ఇక్కడే హెర్మన్స్‌బుర్గ్ కథ అడ్డం తిరుగుతుంది. అర్ధ శతాబ్దంగా నాయుడుపేటలో తెలుగు మాట్లాడుతూ బతికిన పాదిరి ఒక్కసారిగా ‘శత్రు దేశస్థుడు’ అయ్యాడు. మొదట్లో ఊరు దాటొద్దన్న షరతుతో వదిలేశారు. 1915 మధ్య నుంచి పట్టు బిగిసింది. సైన్యంలో పనికొచ్చే వయసు మగవాళ్ళను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి తరలించారు. మిగిలినవాళ్ళను, ఆడవాళ్ళను, పిల్లలను ఓడెక్కించి యూరప్‌కు పంపేశారు. దేశం నలుమూలల నుంచి జర్మన్ మిషనరీ కుటుంబాలను మోసుకెళ్ళిన ఓడ పేరు ‘గోల్కొండ’. 1915 నవంబరులో ఒకసారి, మరుసటి ఏడాది ఇంకోసారి వెళ్ళింది. 1916 జూన్‌లో ఇంగ్లండు తూర్పు తీరంలో మందుపాతర తగిలి మునిగిపోయింది.

అదే యుద్ధంలో జర్మన్ రంగుల రాక ఆగిపోవడంతో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలి సాగు మళ్ళీ పుంజుకుంది. రంగుల కంపెనీల రసాయన జ్ఞానం మాత్రం వేరే పనికి వెళ్ళింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మనీ క్లోరిన్ వాయువు వదిలింది. నాలుగు రోజులకు ఆ మైదానంలోకే భారత సైన్యపు లాహోర్ డివిజన్‌ను దించారు. యుద్ధం అయ్యాక నీలి మళ్ళీ చతికిలపడింది, ఈసారి లేవలేదు.

1919 జూన్ 28న అదే వెర్సాయ్, అదే అద్దాల మహల్లో జర్మనీ చేత సంతకం పెట్టించారు. ఆ సంధిలో 438వ అధికరణం ఒకటుంది. చరిత్ర పుస్తకాల్లో ఎవరూ పట్టించుకోరు, తిరుపతి వాళ్ళు పట్టించుకోవాలి. జర్మన్ మిషన్ల ఆస్తులను అదే మతశాఖకు చెందిన ధర్మకర్తలకు అప్పగించాలని అది చెబుతుంది. హెర్మన్స్‌బుర్గ్ వాళ్ళు లూథరన్లు కాబట్టి వాళ్ళ ఆస్తి లూథరన్ల చేతికే పోవాలి, అయితే జర్మన్ల చేతికి కాదు. అలా నాయుడుపేట, గూడూరు, కాళహస్తి, తిరుపతి వైపు మిషన్ అంతా అమెరికాలోని లూథరన్ సంఘం ఒహాయో సినడ్‌కు వెళ్ళింది. 1912లోనే కోడూరు, పుత్తూరు కేంద్రాలను ఈ సినడ్ తీసుకుని ఉంది గనుక దారి తెలిసినవాళ్ళే.

ఒహాయో సినడ్ వాళ్ళెవరు? అమెరికాకు వలసపోయిన జర్మన్లు, వాళ్ళ పిల్లలు. యుద్ధకాలంలో అమెరికాలో వాళ్ళూ జర్మన్ ప్రార్థనలు మానుకోవాల్సి వచ్చింది. జర్మన్ బళ్ళు మూతపడ్డాయి. ఒక రకం జర్మన్లను పంపేసి, అమెరికా పాస్‌పోర్టున్న ఇంకో రకం జర్మన్ సంతతిని బ్రిటిష్ ప్రభుత్వం స్వాగతించింది. ఇంగ్లీషు దొర లెక్కలో నెత్తురు కన్నా కాగితం ముఖ్యం. సత్యవేడు తాలూకా రైతుకు 1960లో తెలిసింది కూడా అదే.

హిట్లర్ వచ్చాక జరిగింది లోకానికి తెలిసిందే. రంగుల కంపెనీ బీఏఎస్ఎఫ్ 1925లో ‘ఐ.జి. ఫార్బెన్’ అనే పెద్ద సంస్థలో కలిసింది. ఆ సంస్థ ఔష్విట్జ్ దగ్గర ఖైదీల చేత ఫ్యాక్టరీ కట్టించింది. 1947-48లో న్యూరెంబర్గ్‌లో దాని అధికారులు బోనెక్కారు. 1939లో యుద్ధం మొదలవగానే మన దేశంలో ఉన్న జర్మన్లను రెండోసారి నిర్బంధించారు. జయపురం, సాలూరు వైపు తిరిగి వచ్చి పనిచేస్తున్న బ్రెక్లుమ్ మిషనరీలకూ అది తప్పలేదు. తిరుపతి వైపు మిషన్ అమెరికన్ల చేతిలో ఉండటంతో ఆ గొడవ రాలేదు.

హెర్మన్స్‌బుర్గ్ పల్లె సంగతి చెప్పి తీరాలి. ఆ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, అదే బీడు భూముల్లో, బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం ఉండేది. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం తలుపులు తెరిచేసరికి అరవై వేలమంది జీవచ్ఛవాలు, పాతిపెట్టే దిక్కులేక పడి ఉన్న వేల శవాలు కనిపించాయి. ఆన్ ఫ్రాంక్ ఆ ఏడాది మొదట్లో చనిపోయింది అక్కడే. సుళ్ళూరుపేటకు పాదిరులను పంపిన ఊరి పొరుగున ఇది జరిగింది. భక్తి ఉన్న నేలలో ఇలాంటివి జరగవని ఎవరైనా అంటే ఆ మాట నమ్మడానికి లేదు.

ఆ 1945లోనే తిరుపతి కేంద్రంగా సౌత్ ఆంధ్రా లూథరన్ చర్చి సొంతకాళ్ళ మీద నిలబడింది. 1946లో హనోవర్ నేల ప్రష్యా నుంచి విడివడి లోయర్ సాక్సనీ రాష్ట్రంలో భాగమైంది. 1947 ఫిబ్రవరి 25న మిత్రరాజ్యాల మండలి 46వ నంబరు చట్టంతో ప్రష్యా అనే రాజ్యాన్నే రద్దు చేసింది. హనోవర్‌ను మింగిన ఎనభై ఏళ్ళకు ప్రష్యా కూడా పటం మీద లేకుండా పోయింది.

ఈ కథకు ఆధారాలు జర్మనీలో భద్రంగా ఉన్నాయి, హెర్మన్స్‌బుర్గ్ వాళ్ళు కాగితం పారేసే రకం కాదు. మన వైపు సంగతే బెంగ. సుళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి, పుత్తూరు, కోడూరుల్లో పాత బాప్తిస్మ పుస్తకాలు, బడి హాజరు పట్టీలు, పాదిరుల ఫొటోలు, సమాధి రాళ్ళ మీద జర్మన్ అక్షరాలు ఎక్కడైనా మిగిలి ఉంటే చెదలు పట్టకముందే ఫోను కెమెరాతోనైనా ఫొటో తీసి, ఎస్వీ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో జిల్లా గ్రంథాలయానికో ఒక ప్రతి అందించండి. పలకాబలపం అందుకున్న మొదటి తరం పిల్లల పేర్లు ఆ పట్టీల్లోనే ఉంటాయి.